కుడి చెవి గుర్తు

జానయ్య ఇంట్లో మాటా ముచ్చటా భార్య సుక్కమ్మతోనే పోయాయి. పొద్దున దొడ్డి తడిక తీసేటప్పుడు గొర్రెల మీద ఒక కేక, మాపటికి తడిక పెట్టేటప్పుడు ఇంకో కేక. నడుమ పగలంతా గొంగడి భుజాన వేసుకుని గుట్టల వెంట తిరుగుతాడు. ఎవరైనా పలకరిస్తే "ఊ" అంటాడు. అంతకు మించి అడిగితే ఆకాశం దిక్కు చూస్తాడు.

ఆయనకు మిగిలింది ఒక్క తమ్ముడు, లింగస్వామి. మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ పిల్లలకు గిటార్ నేర్పుతాడు. మీసం రాకముందే పెళ్ళిళ్ళకు పాడే ఆర్కెస్ట్రాతో కలిసి ఊరు విడిచిన మనిషి. ఏడాదికి ఒక్కసారి, శివరాత్రి తెల్లారి, ఊరికి వస్తాడు. అది అతను పుట్టిన రోజు. బడి పంతులు జూన్ ఒకటని రాసుకున్నాడు గానీ, జాగారం చేసిన తల్లి తెల్లవారుజామున కన్నదని జానయ్యకు తెలుసు. మంత్రసానిని పిలవడానికి ఉరికింది తానే. ఆ పొద్దు చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది తానొక్కడే.

ఊరు విడిచేవాడు తన పాలుకు వచ్చిన గొర్రెలను అన్న మందలోనే వదిలిపోవడం వాళ్ళ ఇళ్ళలో ఉన్నదే. కలిసి మేసినా కలిసిపోకుండా చెవి కోస్తారు. జానయ్య గొర్రెలకు ఎడమ చెవికి కోత, లింగస్వామి గొర్రెలకు కుడి చెవికి. తల్లికి ఏ చెవి కోసి ఉంటే పిల్లకూ అదే చెవి. సర్కారు పంచిన గొర్రెలు వచ్చి వాటి చెవులకు పసుపు బిళ్ళలు వేలాడిన రోజుల్లో కూడా ఆ ఇంటి కోత ఆగలేదు. లింగస్వామి తన గొర్రెలను ఎన్నడూ అమ్మమనలేదు, అడగలేదు. వచ్చినప్పుడల్లా ముందు దొడ్డిలోకి పోయి కుడి చెవి వాటిని ఒక్కొక్కటిగా తడిమి, "నావి నాకంటె బలంగున్నయి గదనే" అని నవ్వేవాడు. ఆ నవ్వు విన్నాక జానయ్యకు మళ్ళీ శివరాత్రి దాకా సరిపోయేది.

ఈ శివరాత్రికి తమ్మునికి అరవై నిండుతాయి. ఏదన్నా పెట్టాలని జానయ్య మనసులో పడింది. ధోవతీ కండువా ఎవరైనా పెడతారు. ఆయనకు పాత ఎర్ర గిటార్ గుర్తొచ్చింది.

అది లింగస్వామి మొదటి గిటార్. దేవరకొండలో ఒక పెళ్ళి కాడ వ్యానులోంచి ఎవరో ఎత్తుకపోయారు. ఆరు నెలలకు భువనగిరిలో ఇంకో ఆర్కెస్ట్రావాడి మెడలో కనబడితే అన్నదమ్ములిద్దరూ పోయారు. "నీదే అనేటందుకు గుర్తేంది?" అన్నాడు వాడు. గొర్రె అయితే చెవి పట్టి చూపేవాడు జానయ్య. చెక్కకు ఏం చూపాలి? వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో తమ్ముడు కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్నో గిటార్లు వాయించాడు గానీ ఒక్కదాన్నీ "నాది" అనగా జానయ్య వినలేదు.

నల్లగొండ గడియారం కాడ కృష్ణకాంత్ వాద్యాల దుకాణం. ఒకప్పుడు ఆ ఆర్కెస్ట్రాలోనే డ్రమ్ములు కొట్టినవాడు.

"లింగని ఎర్ర గిటార్ అసొంటిది గావాలె" అన్నాడు జానయ్య.

"గది ఇప్పుడు యాడ దొరుకుతదే అన్నా" అని, కృష్ణకాంత్ ఫోన్‌లో వెతికి బొమ్మ చూపాడు. "గిది సూడు. పాతదాని లెక్కనే కంపెనోళ్ళు మళ్ళ చేస్తున్నరు. గదే ఎరుపు, గవే కొమ్ములు."

బొమ్మలో గిటార్‌కు పొట్టేలుకు ఉన్నట్టే రెండు కొమ్ములు. జానయ్య తల ఊపాడు.

తెప్పించిన గిటార్ పెట్టెలోంచి తీస్తే, అంచుల కాడ రంగు లేచిపోయి ఉంది. ఇనుము మసకబారి ఉంది. జానయ్య వేలితో గీకి చూశాడు.

"వాడిందాన్ని అంటగడ్తున్నవా?"

"సరికొత్తదే అన్నా. పాతగ కనవడాలెనని వాళ్ళే గట్ల జేస్తరు. గట్లుంటెనే ధర ఎక్కువ."

"గట్లయితె నన్ను గూడ అమ్మి సూడరాదు."

కృష్ణకాంత్ దుకాణమంతా వినబడేలా నవ్వాడు. "సప్పుడు జేసే డబ్బా వాని దగ్గరుంటది. నువ్వు గిది ఇస్తె సాలు" అన్నాడు.

తన గొర్రెలు అమ్మి కొంటే తమ్ముడు తీసుకోడని జానయ్యకు తెలుసు. 'నీ కడుపు కొట్టి నాకెందుకు' అంటాడు. అతని గొర్రెలే అమ్మితే ఆ మాట ఉండదు, అతని సొమ్ము అతనికే చేరుతుంది. ఆ ఉపాయం తట్టినప్పుడు సుక్కమ్మ ఉంటే బాగుండు, చెప్పేవాణ్ణి అనుకున్నాడు. అంగడి రోజున కుడి చెవి వాటన్నిటినీ ఆటోలో ఎక్కించాడు, వచ్చిన పైసలు కృష్ణకాంత్‌కు కట్టి గిటార్ తెచ్చుకున్నాడు. ఆ రోజు మాపు దొడ్డి వదులుగా అనిపించింది. గొర్రెలు తగ్గితే అంతే గదా అనుకుని తడిక పెట్టాడు.

అంగట్లో కొన్న జీవం ఇంటి గుర్తు పడకుండా దొడ్డి ఎక్కదు. గిటార్ మెడ చివర, తీగలు చుట్టే చోట, వెడల్పాటి తల ఉంది. జానయ్య కత్తి కాల్చి దాని కుడి అంచున చిన్న కోత కోశాడు. చెక్క అని తెలిసీ, కోసిన చోట పసుపు రాశాడు. ఇక ఎవడూ గుర్తేదని అడగడు.

శివరాత్రి తెల్లారి లింగస్వామి వచ్చాడు. గొంగడి మీద పెట్టిన గిటార్‌ను చూసి చెప్పులు విడవడం మరిచిపోయాడు.

"గిదెక్కడిదే?"

"నీకే. అరవై గద."

లింగస్వామి ఒళ్ళో పెట్టుకుని తీగ మీటాడు. ఈగ ముసిరినంత చప్పుడు వచ్చింది.

"గింతేనా?" అన్నాడు జానయ్య.

"కరెంటు డబ్బా లేకుంటె గింతేనే. ఇంటికి వొయినంక సూడు, గల్లీ లేస్తది." వేలు పోయి పోయి కోత మీద ఆగింది. "గిది... నా గుర్తు గదనే." నవ్వాడు, జానయ్య ఎదురుచూసిన నవ్వే. "పిచ్చోడివే అన్నా. లచ్చనంగున్నదాన్ని చెవి కోస్తివి."

ఆ నవ్వుతోనే లేచి అలవాటుగా దొడ్డిలోకి పోయాడు. జానయ్య గడపలోనే నిలబడ్డాడు. తమ్ముడు ఒక గొర్రె చెవి పట్టి చూశాడు, వదిలాడు. ఇంకోదాన్ని పట్టాడు. దొడ్డి ఆ మూల దాకా పోయి తిరిగి వచ్చాడు.

"నావేవే?"

"అమ్మిన."

"అన్నీ?"

"గా గిటార్ నీ గొర్లదే" అన్నాడు జానయ్య. ఆ మాటకు సంతోషపడతాడని ఇన్ని రోజులూ దాచుకున్నాడు.

లింగస్వామి తడిక పట్టుకుని నిలబడ్డాడు. "అంటె, అరవై ఏండ్లకు నా పాలు తెంపినవన్న మాట."

అప్పుడు తెలిసింది జానయ్యకు తానేం చేశాడో. మందలో పాలు లేనివాడు ఆ ఇంటికి చుట్టమే. అన్నదమ్ములు విడిపోయినప్పుడే ఒకరి గొర్రెలు ఒకరు తేల్చి ఇచ్చేస్తారు. అది కాదని, నువ్వు 'నాది' అనాలనే కొన్నానని చెప్పాలి. నోరు తెరిచాడు.

"అన్నం తిను" అని వచ్చింది.

లింగస్వామి రెండు ముద్దలు తిన్నాడు. సాయంత్రం బస్సు దాకా ఉండేవాడు, మధ్యాహ్నం బస్సుకే లేచాడు. పెట్టె భుజానికి తగిలించుకుని, "మంచిగున్నదే గిటార్" అన్నాడు. రోడ్డు మీద బస్సు ఆగాక మెట్టు మీద ఒక కాలు పెట్టి, "ఇగ మందల నాదేం లేకపాయె. మళ్ళ ఏమని రావాల్నో" అన్నాడు, నవ్వులాటకు అన్నట్టే. బస్సు పోయింది.

జానయ్య ఇంటికి రాలేదు, దొడ్డికే వచ్చాడు. నాలుగు రోజుల కిందటే ఒక గొర్రె ఈనింది. తల్లికి ఎడమ చెవి కోత. పిల్లకు ఇంకా కోయలేదు. పిల్లను మోకాళ్ళ నడుమ పట్టుకుని కత్తి తీశాడు. తాతల నాటి నుంచి తల్లి చెవే పిల్లకు. చెయ్యి ఒకసారి ఆగింది. కుడి చెవి కోశాడు. పిల్ల అరిచింది. పసుపు అద్దాడు.

తానై ఫోన్ చేసిన మనిషి కాదు. పచ్చ గుర్తు నొక్కితే కిందటిసారి మాట్లాడినవాళ్ళకు పోతుందని మాత్రం తెలుసు. కిందటిసారి మాట్లాడింది తమ్మునితోనే.

"ఏమైందే అన్నా?" బస్సు చప్పుడులో లింగస్వామి గొంతు.

"పిల్లకు చెవి కోసిన."

"... ఊ."

"కుడి చెవి."

"తల్లిది?"

"ఎడమ."

"గట్ల కోసుడు తప్పు గదనే" అన్నాడు లింగస్వామి.

"తప్పే."

బస్సులో ఎవరో టికెట్ టికెట్ అంటున్నారు.

"పోతుపిల్లనా, ఆడదా?" అని అడిగాడు లింగస్వామి. ఆడదైతేనే రేపు మందవుతుంది.

"ఆడది."

ఫోన్ పెట్టేయలేదు అతను. జానయ్యా పెట్టలేదు. బస్సు గుట్టల సందుకు పోయిందేమో, చప్పుడు తెగి తెగి, చివరికి ఏమీ వినబడలేదు. జానయ్య ఫోన్ చెవికి ఆనించుకునే దొడ్డిలో కూర్చున్నాడు. కోసిన పిల్ల తల్లి కిందికి దూరి పాలు తాగుతోంది.