వెలుతురూ గాలీ

"నా చీటీలో మాటలు మార్చమని నీకెవరు చెప్పారు?"

పంచదార గొంతు పెంచడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. అమ్మేవాళ్ళతోనూ కొనేవాళ్ళతోనూ తియ్యగా మాట్లాడి పని కానిచ్చుకునే ఏజెంటు కాబట్టే తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. అలాంటివాడు ఇప్పుడు రెండు చేతులూ బల్ల మీద మోపి, ఆమె ముఖం మీదికి వంగి ఉన్నాడు.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. అచ్చాఫీసులో పంతొమ్మిదేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. అది మూతపడ్డాక, ఇళ్ళ ఏజెంట్ల సంఘానికి అధ్యక్షుడైన మేనమామ ఆమెను ఇక్కడ కూర్చోబెట్టి రెండు నెలలైంది. అమ్మకానికొచ్చిన ప్రతి ఇంటి వివరాలనూ ఏజెంట్లు చీటీ మీద రాసిస్తారు. ఆమె వాటిని టైపు చేస్తుంది. రోజూ రెండున్నరకు ఆ జాబితా సభ్యులందరి ఫోన్లకూ వెళుతుంది. చీటీల్లో కనిపించిన తప్పునల్లా దిద్దుతుంది కాబట్టి, అందరూ ఆమెను దిద్దుబాటమ్మ అంటారు.

"వంటగదికి మీరు పెట్టిన ఒత్తు తీసేశానండీ. దానికే కొంపలంటుకున్నాయా?"

"వంటగది గొడవ కాదు. నేను 'వెలుతురూ గాలీ ధారాళం' అని రాస్తే నువ్వు 'గాలీ వెలుతురూ' అని కొట్టావు."

"లోకంలో అందరూ అనేది అదే కదండీ. అమ్మానాన్నా అంటాం గానీ నాన్నా అమ్మా అంటామా?"

పంచదార బల్ల మీంచి చేతులు తీశాడు. పోయిన నవ్వు మళ్ళీ వచ్చి పెదాల మీద కూర్చుంది. జేబులోంచి కొత్త చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు కొట్టు తల్లీ. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా, మూడింటికి సర్వసభ్య సమావేశం ఉంది చూడు, అందులో నీ ఉద్యోగం గురించి నేనే లేచి మాట్లాడతాను."

అతను వెళ్ళాక ఆమె చీటీ చూసింది. కుట్టుమిషన్లు పెట్టుకోడానికి వరండా ఉన్న రెండు గదుల ఇల్లు. అమ్మేది ఒక దర్జీ ఆవిడ. చివర్లో అదే మాట: వెలుతురూ గాలీ ధారాళం.

గడియారం పన్నెండు కావస్తోంది.

కోపం ఎవరికైనా వస్తుంది. రెండు మాటల వరసకు అంత కోపమెందుకు? పంతొమ్మిదేళ్ళ అలవాటు ఆమెను కూర్చోనివ్వలేదు. ఇనుప బీరువా తెరిచి మూడేళ్ళ చీటీలు నేల మీద పరిచింది. గాలి ముందున్నవి ఒక కుప్ప, వెలుతురు ముందున్నవి ఒక కుప్ప. మొదటిది మోకాలెత్తు లేచింది. రెండోదాంట్లో ముప్ఫై ఎనిమిదే తేలాయి. ఆ ముప్ఫై ఎనిమిదీ తొమ్మిది మంది ఏజెంట్ల చేతిరాతలే.

అమ్మకాల పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుంది. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చూసింది. వెలుతురు ముందున్న ఇళ్ళు చెప్పిన ధరకంటే బాగా తక్కువకు పోయాయి. కొన్నవాళ్ళను తెచ్చింది ఆ తొమ్మిది మందిలోనే ఎవరో ఒకరు. చివరి ఆరు ఇళ్ళు మాత్రం చెప్పిన ధరకే అమ్ముడయ్యాయి. ఆ ఆరూ ఆమె వచ్చాక టైపు చేసినవి. భాష బాగాలేదని ఆమె వరస దిద్దిన ఇళ్ళు.

ఆమె చీటీ మీది నంబరుకు ఫోన్ చేసింది. అవతల మిషను చప్పుడు.

"సంఘం ఆఫీసు నుంచండీ. వరండా కొలత ఒకసారి సరిచూసుకుందామని."

"పన్నెండడుగుల మూడంగుళాలు. నా చేత్తో కొలిచాను, అంగుళం తేడా ఉంటే నా కత్తెర మీకిచ్చేస్తా. అమ్మాయ్, ఒక్కమాట. ఇల్లు నెలాఖరులోపు అమ్ముడవుతుందంటావా?"

"అంత తొందరేంటండీ?"

మిషను ఆగింది. "మీ వాళ్ళకి తెలిసిందే కదా అని అన్నాను. ఆ పంచదారబాబుకి చెప్పానులే. నా మాజీ మొగుడి వాటా నెలాఖరులోగా కట్టకపోతే కోర్టు ఇల్లు వేలం వేస్తుంది. నీకొక్కడికే చెప్తున్నా నాయనా, ఇది బయటికి పొక్కితే ప్రతివాడూ బేరమాడతాడు అన్నాను. నా గుండెలో పెట్టుకుంటానమ్మా అన్నాడు."

"ఇంకో ఏజెంటుని అడగలేదా మీరు?"

"ఎలా అడుగుతాను? మూడు నెలలు అతనే అమ్మాలని సంతకం చేయించుకున్నాడుగా. మళ్ళీ ఒక గది మిగిలేంత డబ్బైనా చేతికొస్తే చాలు. నేనూ నా మిషనూ ఎక్కడో ఒకచోట పడుంటాం."

ఆమె ఫోన్ పెట్టేసింది. గుండెలో పెట్టుకుంటానన్న మాటను చీటీలో పెట్టాడన్నమాట. వెలుతురు ముందుంటే, అమ్మేవాళ్ళు గత్యంతరం లేక అమ్ముతున్నారని సైగ. రెండున్నరకు జాబితా వెళ్ళగానే తొమ్మిది మందికీ కబురందుతుంది. ఇక తొమ్మిది మందీ ఒక్కటే తక్కువ ధర చెబుతారు. దర్జీ ఆవిడ నెలాఖరు దాకా ఏడ్చి సంతకం పెడుతుంది.

"ఏమే, ఇల్లు పీకి పందిరేశావు?"

తలెత్తేసరికి మేనమామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు కుప్పలనూ చూశాడు. ముఖంలో రంగు మారింది. తలుపు దగ్గరగా వేసి స్టూలు మీద కూలబడ్డాడు.

"నీకు తెలుసా మావయ్యా?"

"తెలియడమేంటి. ఆ వరస పుట్టించింది నేనే." నుదురు రుద్దుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళ నాటి మాట. అప్పుడు ఐదుగురమే ఉన్నాం. అవసరంలో ఉన్నవాళ్ళ ఇల్లు ముందు చూపించండి, వాళ్ళని తిప్పించకండి అని చెప్పుకోడానికి పెట్టుకున్నాం. పుణ్యానికే పెట్టాం. పాముని పెంచుతున్నామని ఎవరనుకున్నారు?"

"కాటేస్తోందని తెలిశాకైనా ఆపచ్చు కదా?"

"ఆపితే ఆ తొమ్మిది మందీ సంఘం చీల్చేస్తారు. అయినా ఇవాళ్టితో ఆ పాత గొడవ పోతుందిలే. మూడింటికి కొత్త నిబంధనలు పాసవుతాయి. మొత్తం జాబితా మారిపోతుంది."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ నిబంధనల ముసాయిదా పోయిన వారం తనే టైపు చేసింది. ఏడో నిబంధన: ప్రతి ఇంటి కింద ఏజెంట్ల గమనిక అని ఒక గడి ఉండాలి, అది అమ్మేవారికి కనబడకూడదు. అందులో ఒక కామా లేకపోతే పెట్టింది కూడా. అర్థం మాత్రం చదవలేదు.

"సంస్కరణ అంటే ఇదా? ఇప్పటిదాకా సైగ చేశారు. రేపట్నుంచి నోరారా చెప్పుకుంటారు, అంతేగా?"

"నీకు అన్నం పెడుతున్న సంఘం ఇది," అన్నాడాయన మెల్లగా. కోపం కంటే అలసట ఎక్కువుంది ఆ గొంతులో. చిన్న కుప్పను ఎత్తి తన సంచిలో వేసుకున్నాడు. పెద్ద కుప్పను బీరువాలోకి తోసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు. "పంచదార చీటీ ఉన్నది ఉన్నట్టు కొట్టు. నేను తల దించుకునేలా చెయ్యకు."

రెండు గంటల పది నిమిషాలు.

చేతిలో ఋజువు లేదు. చీటీ ఉన్నట్టు కొడితే దర్జీ ఆవిడ గొంతు తనే కోసినట్టు. దిద్దితే పంచదార ఫోన్లలో ఆ కబురు చేరవేస్తాడు, తన ఉద్యోగం పోతుంది, ఏడో నిబంధన నెగ్గుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంప్యూటరు తెర మీద అరవై నాలుగు ఇళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి.

ఉన్నట్టుండి ఆమెకు అచ్చాఫీసు గుర్తొచ్చింది. పుస్తకంలో ఒక్క తప్పుంటే పాఠకుడు పట్టుకుంటాడు. పేజీ నిండా అదే తప్పుంటే? దాన్ని తప్పని ఎవరంటారు?

దర్జీ ఆవిడ ఇంటిని ఆమె చీటీలో ఉన్నట్టే ఉంచింది. మిగతా అరవై మూడు ఇళ్ళలోనూ వరస తిప్పేసింది. గాలి ఊసే లేని చోట కొత్తగా రాసింది. రెండు గంటల ఇరవై తొమ్మిదికి పంపించేసింది.

హాల్లో అధ్యక్షుడితో కలిపి యాభై మూడు మంది సభ్యులున్నారు. వేదిక మీద మేనమామ, కాళ్ళ దగ్గర సంచి. ఆమె మూల బల్ల దగ్గర సమావేశం వివరాలు రాసుకోడానికి కూర్చుంది.

చాలామంది ఫోన్ చూసి జేబులో పెట్టేసుకున్నారు. వాళ్ళకు జాబితాలో వింతేమీ కనబడలేదు. కానీ రెండో వరసలో ఒకాయన ఫోన్ చూసి పక్కవాడి మోచెయ్యి గిల్లాడు. గోడవారగా ఇద్దరు కాలుగాలిన పిల్లుల్లా వరండాకూ హాలుకూ మధ్య తిరుగుతున్నారు. ఎండైనా వానైనా గొడుగు వదలని ముసలి ఏజెంటు ఒకాయన, గొడుగు కింద పడిపోయినా తీసుకోకుండా ఫోన్‌ వంకే చూస్తున్నాడు. ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది మంది.

మేనమామ ఏడో నిబంధన చదవబోతుంటే పంచదార లేచాడు.

"అధ్యక్షా, ఇవాళ్టి జాబితా తప్పు. వెంటనే వెనక్కి తీసుకోవాలి."

"నా ఇళ్ళు రెండూ సరిగ్గానే ఉన్నాయే," అంది వెనక నుంచి ఎనిమిది నెలల కిందటే సంఘంలో చేరిన ఒక ఏజెంటు. గట్టి గొంతు ఆమెది. "ధర తప్పా అన్నయ్యగారూ?"

"ధర కాదు."

"అడ్రసా?"

"కాదమ్మా. మాటలు. వెలుతురూ గాలీ అని అన్నిటికీ..."

హాల్లో నవ్వులు లేచాయి. "వెలుతురు ముందొస్తే ఇల్లు కూలిపోతుందా ఏంటి?" అన్నారెవరో. "పంచదార చేదెక్కిందర్రోయ్!" అని ఇంకొకరు. పంచదార నోరు తెరిచాడు. తప్పు ఏమిటో చెప్పాలంటే ఒప్పు ఏమిటో చెప్పాలి.

అప్పుడు గొడుగాయన ఆగలేకపోయాడు. "నవ్వులాటగా ఉందా మీకు? మా బావమరిది ఇంటికి కూడా అదే పెట్టింది! వాడికేం అవసరమొచ్చింది? వాడు నిక్షేపంలా ఉన్నాడు!"

నవ్వులు ఒక్కసారిగా తెగిపోయాయి.

"అవసరమా?" అంది వెనకావిడ లేచి నిలబడి. "వెలుతురుకీ అవసరానికీ ఏంటండీ సంబంధం?"

గొడుగాయన కూర్చున్నాడు. వంగి గొడుగు తీసుకున్నాడు.

"ఇదంతా ఆ టైపు చేసే మనిషి చేసిన కుట్ర," అన్నాడు పంచదార. చెయ్యి ఆమె వైపు చాచాడు. "ముందు దాన్ని బయటికి పంపండి!"

యాభై మూడు తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె లేచింది.

"నేను వెళ్ళిపోతానండీ. వెళ్ళేముందు అధ్యక్షుల వారిని ఒక్కటే అడుగుతాను. ఇవాళ్టి జాబితాలో ఉన్న దర్జీ ఆవిడ తన ఏజెంటుని గుండెలో పెట్టుకోమన్న మాట మీ చీటీల్లోకి ఎలా వచ్చింది మావయ్యా?"

ఆ పిలుపు జారిపోయింది. దిద్దుకోవాలనుకోలేదు.

ఆయన నిబంధనల కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత వంగి సంచి ఎత్తి బల్ల మీద బోర్లించాడు. ముప్ఫై ఎనిమిది చీటీలూ జారి పరుచుకున్నాయి. వాటి అర్థమేమిటో, ఎవరు మొదలుపెట్టారో, ఎన్ని ఇళ్ళు పోయాయో తల వంచుకునే చెప్పాడు. తన పేరు కూడా దాటెయ్యలేదు.

హాలు తేనెపట్టు రేగినట్టయింది. తిట్లూ కేకలూ సద్దుమణిగేసరికి నాలుగైంది. చివరికి వెనకావిడ ఒక తీర్మానం పెట్టింది. ఏడో నిబంధన కొట్టెయ్యాలి. అమ్మేవాళ్ళు చదివి సంతకం పెట్టిన చీటీయే జాబితాలోకి ఎక్కాలి. రహస్యం అమ్ముకున్న ఏజెంటు ఒప్పందం ఇవాళే రద్దు కావాలి, దర్జీ ఆవిడ ఇంటితో మొదలుపెట్టాలి.

చేతులు లేచాయి. సంఘం చీలుతుందని భయపడ్డవాళ్ళు ఆ తొమ్మిది మంది వైపు చేరారు. ఆమె లెక్కపెట్టింది. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది.

"అనుకూలం ఇరవై ఆరు. వ్యతిరేకం ఇరవై ఆరు."

మిగిలింది అధ్యక్షుడి చెయ్యొక్కటే.

"ఆలోచించుకోండి పెద్దాయనా," అన్నాడు పంచదార. గొంతులో తీపి మళ్ళీ ఊరింది. "ఇది నెగ్గితే విచారణ మీతోనే మొదలవుతుంది. ఈ వయసులో ఎందుకొచ్చిన తలనొప్పి?"

మేనమామ అతని వైపు చూడలేదు. బల్ల మీది చీటీల్లోంచి ఒకటి తీసి, దూరంగా పట్టుకుని చదువుకున్నాడు. దాన్ని కింద పెట్టి చెయ్యెత్తాడు. అలాగే ఉంచాడు, ఆమె రాసుకునేదాకా.

"రాశావా?"

"రాశాను."

"అయితే ఫోన్ చెయ్యి ఆవిడకి."

వరండాలోంచి ఫోన్ చేసింది. ఏమీ దాచకుండా మొత్తం చెప్పింది. అవతల మిషను చప్పుడు లేదు.

"అయితే ఇప్పుడు నా ఇల్లు ఎవరైనా అమ్మచ్చు."

"అమ్మచ్చండీ. మీకు నచ్చినవాళ్ళకి ఇవ్వండి."

"మీలో ఎవర్ని నమ్మమంటావు?"

లోపల కుర్చీలు జరుగుతున్నాయి. పంచదార ఎవరి మీదో అరుస్తున్నాడు.

"నమ్మమని చెప్పనండీ. ఇకమీద ఏ కాగితమైనా ముందు మీరు చదివాకే వెళుతుంది."

"నాకు చదువు అంతంతమాత్రం."

"నేనొచ్చి చదివి వినిపిస్తాను."

అవతల నిట్టూర్పు వినబడింది.

"సరే, ఐదింటికి రా. కళ్ళద్దాలు తెచ్చుకో, మా ఇంట్లో దీపం అంతంతమాత్రం. నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి, ఆలస్యం చెయ్యకు."