కారు సగమే విన్న మాట

ఆ ఫోన్లు పక్కన పెట్టి ఇలా దగ్గరికి జరగండర్రా. ఈ పరాయి దేశంలో మన కాపెల్ ఊరి తెలుగు చర్చికి వచ్చే విమలకుమారి సంగతి ఇది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కూతురు ప్రిస్సిల్లా అమ్మానాన్నలకు డ్రైవర్ లేని షేరింగ్ కారు బుక్ చేసింది. "దారిలో ఇంకొకళ్ళు ఎక్కుతారు మమ్మీ, కంగారుపడకు" అని చెప్పి పంపింది. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంటే రత్నరాజు పెళ్ళాన్ని చూసి నవ్వాడు.

"నీకంటే నయమే, నోరెత్తకుండా తీసుకెళ్తోంది."

"ఇంటికెళ్ళాక చెప్తాను మీ పని" అంది విమలకుమారి.

కాసేపటికి ఆయన గుండె పట్టుకుని ముందుకు ఒరిగిపోయాడు. సాయం కావాలా అని కారు ఇంగ్లీషులో అడిగింది. అడిగిందేమిటో ఆమెకు అర్థమైంది గానీ, ఆ కంగారులో నోటికి తెలుగే వచ్చింది.

"నొప్పి, బాబూ, నొప్పి."

"ఓకే, థాంక్యూ" అంది కారు.

"ఓకే అందండీ, ఆసుపత్రికే తీసుకెళ్తోంది, కాస్త ఓర్చుకోండి" అంటూ ఆమె భర్త వీపు రాస్తూ ప్రార్థన చేసుకుంది.

కారు ఆగి తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ గేటు, ఎక్కడానికి నిలబడ్డ తెల్లపిల్ల. ఆ పిల్లే అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అప్పటికే రత్నరాజు చెయ్యి విమలకుమారి చేతిలో చల్లబడిపోయింది.

నొప్పిలో మొదటి అక్షరం విని కారు దాన్ని 'నో' అనుకుందని కంపెనీ వాళ్ళు తర్వాత చెప్పారు. "సాయం వద్దని నేనన్నానా ప్రిస్సీ?" అని ఆమె ఇప్పటికీ కూతుర్ని అడుగుతూనే ఉంది.

ఇది మరిచిపోకండి. మీ ఇళ్ళకు వచ్చే పెద్దవాళ్ళందరికీ చెప్పండి. కారెక్కించే ముందు 'హెల్ప్' అన్న మాట వాళ్ళ నోట పలికించండి.