వంటమనిషి అని రాసిన చోట

మధ్యాహ్నం నమాజు అయ్యాక మస్తాన్‌బీకి కునుకు పట్టడం, ఆ కునుకులో ఆడవాళ్లు కనిపించడం ఈనాటిది కాదు. చాపల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని ఉంటారు. ముందున్న మనిషి భుజం మీద వెనకున్న మనిషి చెయ్యి ఉంటుంది. మస్తాన్‌బీ భుజం మీద చెయ్యి వేసినావిడ హుస్సేన్‌బీ, తనకు ఖురాన్ చెప్పిన మనిషి. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆపైన వెలుతురులో మొహాలు ఆనవు, మామిడిపూత వాసన మాత్రం వస్తుంది. ఆ వరసకు అందరికన్నా ముందు మస్తాన్‌బీ కూర్చుని ఉంటుంది. ఆవిడ ముందు చాప ఖాళీ. చాపిన చెయ్యి ఎవరి మీదా ఆనక గాలిలోనే ఉండిపోతుంది.

తిరువూరు బస్టాండు వెనక సందులో రెండు గదులు, ఒక రేకుల వసారా. అదీ మదరసా. ఆవిడ అన్న ఖాదర్‌బాషా పెట్టాడు. ఆయన పోయాక కొడుకు ముజీబ్ చూసుకుంటున్నాడు. పద్దెనిమిది మంది ఆడపిల్లలకు పాఠం చెప్పేది మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా మస్తాన్‌బీయే. పిల్ల కంఠతా చదువుతుంటే ఈవిడ కళ్లు మూసుకుని వింటుంది. తప్పు దొర్లితే చేతిలో ఏదుంటే దానితో, విసనకర్ర కాడతోనో చెంచాతోనో, ఒక్కసారి తడుతుంది. ఏం తప్పో చెప్పదు. చచ్చినా చెప్పదు. వెనక్కి వెళ్లి ఆ పిల్లే వెతుక్కోవాలి. తొందర మనిషికి ఈ పద్ధతి ఒళ్లు మండిస్తుంది గానీ, ఒకసారి అలా దొరికిన తప్పు జన్మలో మళ్లీ రాదు.

ఆ పిల్లల్లో నాహిద్‌కు పదహారేళ్లు. ఆటో నడిపే ఆయన కూతురు. ఖురాన్ మొత్తం నోటికి వచ్చు. నర్సు కావాలని దాని కోరిక. టెన్త్ సర్టిఫికెట్టు లేనిదే ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

"ఈ పిల్లకి దారి చూపించరా" అని మేనల్లుడి ప్రాణం తీసింది మస్తాన్‌బీయే.

ముజీబ్ పాపం బెజవాడ చుట్టూ తిరిగి మూడు కట్టల కాగితాలు తెచ్చాడు. బెజవాడలోని ఒక పెద్ద మదరసాకు అనుబంధంగా చేరి వాళ్ల సర్టిఫికెట్టు ఇప్పించుకోవడం ఒక దారి. ఓపెన్ స్కూలుకు స్టడీ సెంటరుగా గుర్తింపు తెచ్చుకుని, పిల్లలతో ఇక్కడినుంచే టెన్త్ రాయించడం రెండో దారి. మామూలు ప్రైవేటు బడిగా రిజిస్టరు కావడం మూడోది. అతను రెండో దారి పట్టాడు. మంచి పనే. మూడు కట్టల్నీ ఒకే సంచిలో కుక్కుకుని, అన్నిటినీ కలిపి చదవడమే అతని తెలివి.

"ఫుప్పమ్మా, సర్టిఫికెట్టు లేనివాళ్లని టీచర్లని రాస్తే అప్లికేషన్ కొట్టేస్తారంట. అందుకని నీ పాఠం మా ఆవిడ పేరు మీద రాశా. తను డిగ్రీ కదా" అన్నాడొకనాడు, మేనత్త మొహం చూడకుండా.

"మరి నన్నేమని రాశావు?"

ముజీబ్ తిరగని ఫ్యాను వంక చూశాడు. "వంటమనిషి అని."

మస్తాన్‌బీ నవ్వింది. "నాహిద్ టెన్త్ రాస్తుందంటే గిన్నెలు తోమే మనిషని రాసినా సరే పో" అంది.

మనస్ఫూర్తిగానే అంది. కానీ ఆ మధ్యాహ్నం కునుకులో భుజం తేలిగ్గా తోచింది. తడుముకుంటే హుస్సేన్‌బీ చెయ్యి లేదు. లేచి కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

తనిఖీకి ఓపెన్ స్కూలు నుంచి శ్రీవల్లి అని ఒక మేడమ్ వచ్చింది. బ్లాక్‌బోర్డు చూసింది, కుళాయి తిప్పి చూసింది, మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో కూడా చూసింది. మస్తాన్‌బీ వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడింది. ఆవిడ చాప మీద ముజీబ్ భార్య బిగుసుకుని కూర్చుంది.

"మీరు కంఠతా పట్టేది ఒకసారి వినిపించమ్మా" అంది మేడమ్ నాహిద్‌తో, మర్యాదకి.

నాహిద్ మొదలుపెట్టింది. గొంతు సన్నగా లేచి, వసారా దాటి, వంటింటి పొగచూరిన గోడల దాకా వచ్చింది. మస్తాన్‌బీ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఎక్కడినుంచో మామిడిపూత వాసన. చాపలు, భుజాలు, వెలుతురు. తను ఎక్కడుందో మర్చిపోయింది.

అంతలో నాహిద్ సాగదీయాల్సిన చోట సాగదీయకుండా దాటేసింది.

గరిటె గిన్నెకు తగిలి ఖంగుమంది.

పద్దెనిమిది తలలూ ఒక్కసారిగా వంటింటి వైపు తిరిగాయి. నాహిద్ ఆగింది. వెనక్కి వెళ్లింది, మూడు వాక్యాలు. నెమ్మదిగా మళ్లీ చదువుతూ వచ్చి, ఆ చోట ఎంత నిలవాలో అంతా నిలిచి ముందుకెళ్లింది.

"ఆ చప్పుడేంటండి?" అంది మేడమ్.

"వంటావిడండి. అన్నం కలుపుతోంది" అన్నాడు ముజీబ్.

మేడమ్ లేచి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి చూసింది, వెలిగించలేదు. గిన్నెలోకి తొంగి చూసింది, చుక్క నీళ్లు లేవు.

"ఏం వండుతున్నారు మామ్మగారూ?"

మస్తాన్‌బీ గరిటె కింద పెట్టింది. పిల్ల బతుకు తన నోటి మాట మీద ఆగింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"ఏమీ లేదమ్మా. పిల్ల తప్పు చదివింది, ఊరుకోలేకపోయాను. వీళ్లకి చెప్పేది నేనే. నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఏం చేసినా నన్ను చెయ్యండి, వాళ్ల టెన్త్ మాత్రం ఆపకండి."

"కాగితం ఎవరడిగారండి?" అంది మేడమ్.

ముజీబ్ సంచిలోంచి ఆ షరతు ఉన్న కాగితం తీసి చూపించాడు. మేడమ్ దాని పైనున్న పేరు చదివి, తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఇది ఆ పెద్ద మదరసా వాళ్ల షరతండి, మాది కాదు. లెక్కలు, తెలుగు, సైన్సు ఎవరు చెప్తారో మేం చూస్తాం. ఖురాన్ ఎవరు చెప్తారని మేం అడగనే అడగం. కానీ ఈ తప్పు జాబితా నేను తీసుకెళ్లలేను, మళ్లీ రాయండి."

ముజీబ్ వసారాలో కూర్చుని పెన్ను తీశాడు. వంటమనిషి అన్నది కొట్టేసి, ఖురాన్ చెప్పే ఉస్తాదు అని రాశాడు. ఆ పక్కన అర్హత దగ్గర ఆగిపోయాడు.

"ఉన్నది రాయండి" అంది మేడమ్.

మస్తాన్‌బీ కళ్లు మూసుకుంది. "రాసుకో. నాకు చెప్పింది నెమలి ఊరి హుస్సేన్‌బీ. ఆవిడకి చెప్పింది వినగడప చాంద్‌బీ. ఆవిడకి ఎ.కొండూరు జైనబ్బీ. ఆ ముందు ఎవరో నాకు తెలీదు. ఉన్నారు, అంతే."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ పేర్లు ఆవిడ నోట ఎవరూ వినలేదు. ముజీబ్ ఒక్కొక్కటే రాశాడు.

"నా పేరు కింద నాహిద్ అని రాయి."

"అది టీచరు కాదు కదా ఫుప్పమ్మా!"

"ఇవాళ నన్ను చూడకుండానే తప్పు వెతుక్కుంది. రాయి."

నాహిద్ వచ్చి ఆవిడ ముందు, వీపు ఇటు తిప్పి కూర్చుంది. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మస్తాన్‌బీ చెయ్యి చాపి పిల్ల భుజం మీద వేసింది. ఆ వెంటనే తన భుజం కాస్త బరువెక్కింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.