బంతిపూల ఇంజను

సవతే వచ్చి ఉంటే తారాబాయికి వంటలోనైనా సాయం దొరికేది. భర్త భీమరావు మనసు పడింది ఒక పాత ఇంజను మీద. ఆదోనిలో ఆయన రైలింజన్ల మిస్త్రీ. తుక్కుకు పోయే రెండింటిలో ఒకదాన్ని ఎంచితే బాగుచేయిస్తామన్నారు పైవాళ్లు. బాయిలరు గట్టిగా ఉన్నదాన్ని కాదని, తాను ఏటా ఆయుధపూజకు బంతిపూలు కట్టేదాన్ని ఎంచాడాయన.

"ఆ జాతిలో ఇదొకటే మిగిలిందే."

"బాయిలరుకు జాతెందుకండీ?" అంది తారాబాయి.

ఇంజను మళ్లీ పట్టాలెక్కి నెల తిరక్కుండా ఆ బాయిలరు పేలి, బొగ్గు వేసే ఫైర్‌మన్ జయరాజు చచ్చిపోయాడు. బాయిలరులో నీళ్లు తగ్గడం చూసుకోలేదని తప్పు చచ్చినవాడి మీదికే తోశారు. భీమరావు నోరెత్తలేదు.

పరామర్శకని తారాబాయే ఆయన్ని ఎమ్మిగనూరు లాక్కెళ్లింది. జయరాజు తల్లి మద్దమ్మ ఏడవలేదు.

"నీళ్లు సూసుకోల్యాదని మావోణ్ణే అంటాండారు. నిజమేనా సామీ?"

భీమరావు భార్య వైపు చూశాడు. ఆమె సాయం రాలేదు.

"కాదమ్మా. అది పనికిరాని బాయిలరని తెలిసే ఎంచినాను. తప్పు నాది."