పిచ్చుక పది నిమిషాలు ముందుంది

పిచ్చుకకి ఇంక ఆరు రోజులే గడువుంది. ఆ పొద్దున పిన్ని నా ముందు నాలుగు కాగితాలు పెట్టి, "ఇది శుభ్రంగా టైపు చేసిపెట్టమ్మా. నా చేతులు ఆడట్లేదు," అంది. పైన శీర్షిక చూశాను. ఉపగ్రహం మూగబోయిన తీరుపై నివేదిక.

పిచ్చుక అంటే పక్షి కాదు. మా పిన్ని, ఆవిడకి చదువు చెప్పిన మాస్టారు, ఏంటెన్నా సంగతి చూసే పొడుగు మామయ్య, ముగ్గురూ నాలుగేళ్ళు తంటాలు పడి చేసిన ఉపగ్రహం. చెప్పుల డబ్బా కంటే పెద్దది కాదు. పది సెకన్లకోసారి రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత కూస్తుంది. అందుకని ఆ పేరు. పొడుగు మామయ్య నాకు సొంత మామయ్యేం కాదు. పిన్ని ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. మా గది గుమ్మం దగ్గర తల వంచకుండా ఆయన లోపలికి రాలేడు. ఒకవేళ మరిచిపోతే ఆ చప్పుడు కింది అంతస్తు దాకా వినబడుతుంది.

నేను పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి వచ్చాను. "మీ పిన్ని వేళకి తినదు, వేళకి పడుకోదు. పక్కన ఓ మనిషంటూ ఉంటే నయం," అని అమ్మ పంపింది. పంపుతూ ఫోన్లో పిన్నితో, "దీని నోట్లో నాలుక లేదు. ఆకలేసినా అడగదు. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి," అంది. ఎవరు ఎవర్ని కనిపెట్టుకోవాలో తేలకుండానే బస్సెక్కాను.

గది కాలేజీ పై అంతస్తులో ఉంది. రెండు కంప్యూటర్లు, ముందు గుడ్డ చిరిగిన ఒక స్పీకరు, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీ కాలికి తీగ చుట్టి ఉంటుంది. అది నాది. పక్క తలుపు తీస్తే మేడ, మేడ మీద ఏంటెన్నా. పిచ్చుక పొద్దున పూట ఒకటి రెండు సార్లు మా మీదుగా పోతుంది. అలా ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు దిగిపోవడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపే దాని కూత వినబడేది.

పిచ్చుక వెళ్ళిన రాకెట్లో మొత్తం ముప్పై నాలుగు ఉపగ్రహాలు వెళ్ళాయి. నిండు బస్సు ఆగితే జనం బిలబిలా దిగినట్టు అన్నీ ఒకేచోట దిగాయి. భూమి మీద నుంచి చూసి లెక్క రాసేవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చి, అది ఏ దారిన తిరుగుతోందో రోజూ పట్టికలో వేస్తారు. నంబరు ఇస్తారు గానీ అది ఎవరిదో వాళ్ళకీ తెలీదు. ఎవరి బిడ్డని వాళ్ళే వెతుక్కోవాలి. మొదటి రెండు రోజులూ ఇరవై ఒకటో నంబరు వెంట ఏంటెన్నా తిప్పితే పిచ్చుక ఖంగున వినబడింది. సరే, ఇదే మనది అని ఖాయం చేసుకున్నారు.

నాలుగో రోజుకి కూత కాస్త నీరసించింది. ఆరో రోజుకి గొంతు పీక్కుపోయినట్టయింది. ఎనిమిదో రోజు తర్వాత ఏమీ లేదు. బ్యాటరీ చచ్చిపోతోందని అందరూ అనుకున్నారు. తిరిగి మనం దాంతో మాట్లాడదామా అంటే, ఇక్కణ్ణించి ఆదేశాలు పంపడానికి అనుమతి కాగితం తొమ్మిదో రోజుకి గానీ రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముప్పై రోజులు భూమి నుంచి ఒక్క ఆదేశమైనా అందకపోతే పిచ్చుక శాశ్వతంగా నోరు మూసుకుంటుంది. దిక్కులేని ఉపగ్రహాలు ఆకాశంలో ఊరికే కూస్తూ తక్కినవాళ్ళకి అడ్డు రాకూడదని అలాంటి నియమం. ఆ మూసుకునే ప్రోగ్రాము రాసింది పిన్నే. "నా చేత్తో నేనే దాని గొంతుకి ముడేశాను," అని ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసింది.

ఇరవై నాలుగో రోజు పొద్దున పది గంటలకి కూడా ఏమీ వినబడలేదు. మాస్టారు రిజిస్టరు మూసి, "ఇక ఒప్పుకుందాం అమ్మాయ్," అన్నారు. అప్పుడే పిన్ని నాకు ఆ కాగితాలు ఇచ్చింది.

రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఎనిమిదో రోజు తర్వాత ఉపగ్రహం నుంచి ఎలాంటి శబ్దమూ వినబడలేదు."

నా వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఆ వాక్యం వదిలేసి కింది పేరాలు టైపు చేశాను. మళ్ళీ పైకొచ్చాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆకాశంలో తిరిగే వస్తువు చేసినవాళ్ళు వీళ్ళు. నేను పదో తరగతి ఫలితాలు కూడా ఇంకా రానిదాన్ని. అయినా ఆ వాక్యం నా చేత్తో కొట్టబుద్ధి కాలేదు.

"అయిందా?" అంది పిన్ని.

"అయింది. ఒక్క వాక్యం ఉండిపోయింది."

"ఏం, నా రాత అర్థం కాలేదా?"

"అర్థమైంది పిన్నీ. అది నిజం కాదు."

మామయ్య స్పానరు కింద పెట్టాడు. "ఓరి దేవుడా, ఈ పిల్లకి గొంతు కూడా ఉందే!"

"నువ్వుండన్నయ్యా. ఏది నిజం కాదే?"

"తొమ్మిదో రోజు కూడా కూసింది. పదో రోజూ, పదకొండో రోజూ కూసింది. మీరందరూ టీకి కిందకి వెళ్ళినప్పుడు. చిన్నగా, కానీ అదే కూత. రెండు పొట్టివి, ఒకటి పొడుగు."

పిన్ని నా వంక అలా చూస్తూ ఉండిపోయింది. "మరి అప్పుడే చెప్పొచ్చు కదే!"

"మీకు తెలుసనుకున్నాను," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. పెద్దవాళ్ళకి తెలియకుండా ఉంటుందా అని.

"ఏ టైముకి తల్లీ?" అన్నారు మాస్టారు.

సంచిలోంచి డైరీ తీసి ఆ మూడు పేజీలు వెతికాను. పిన్ని వంగి చూడబోతే కింద సగం అరచేత్తో మూసేశాను. అక్కడ పిన్ని కూర గురించి రెండు మాటలున్నాయి. తొమ్మిదో రోజు పదీ తొమ్మిదికి ఆరు సార్లు కూసింది. పదో రోజు తొమ్మిదీ నలభై ఆరుకి నాలుగు సార్లు. పదకొండో రోజు పదీ ఇరవైకి మూడు సార్లు, అదీ లీలగా.

మాస్టారు రిజిస్టరు తెరిచి ఆ రోజులు వేలితో పట్టుకుని చూశారు. చూసి కళ్ళజోడు తీశారు. "సరిగ్గా ఇరవై ఒకటో నంబరు మన మీదికి వచ్చే టైములే ఇవి. అప్పుడు మేం ముగ్గురం ఇక్కడే ఉన్నాం కదమ్మా. ఆ నిమిషం నుంచి కంప్యూటరు రికార్డు చేస్తూనే ఉంది. అందులో ఏమీ లేదు. వెనక షెడ్డులో ఏదో మెషీను కూసి ఉంటుంది." ఆయన నన్నేమీ కసురుకోలేదు. చాలా మెల్లగా అన్నారు. దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మామూలుగా అయితే అక్కడితో ఊరుకునేదాన్ని. కానీ పిన్ని మొహం చూశాను. ఒక్క క్షణం వెలిగి మళ్ళీ ఆరిపోయింది. నేనే వెలిగించి నేనే ఆర్పినట్టయింది.

"లేదండీ," అన్నాను. "కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మీ కుర్చీ మీద మీ తువ్వాలు ఉంది. మీరొచ్చి అది తీసి కూర్చున్నారు. మామయ్య వచ్చి, ఇంకా మొదలవలేదుగా, అన్నాడు. అప్పటికే అది కూసి ఆగిపోయింది."

"అన్నాను," అన్నాడు మామయ్య. "రోజూ అంటాను."

పిన్ని మెల్లగా అడిగింది. "టైము ఎందులో చూశావు నువ్వు?"

గోడ మీదికి చూపించాను.

ముందు మామయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

ఆ గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంది. మామయ్య ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొస్తాడని మాస్టారే ఎప్పుడో మూడేళ్ళ కిందట అలా తిప్పి పెట్టారట. వారం తిరిగేసరికి మామయ్య అది కనిపెట్టేసి మళ్ళీ ఆఖరి నిమిషానికే రావడం మొదలుపెట్టాడు. గడియారం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని చూడగానే నాలుగు తీసేసుకోవడం వాళ్ళకి రెప్ప వెయ్యడం లాంటిదైపోయింది. కొత్తగా వచ్చినదానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పిన్ని అప్పటికే కాగితం మీద తీసివేతలు వేస్తోంది. "పదీ అయిదు. తొమ్మిదీ నలభై రెండు. పదీ పదహారు. మాస్టారూ, మనం అనుకున్నదానికంటే నాలుగు నిమిషాలు ముందు. పదకొండో రోజుకి దాదాపు అయిదు. రోజురోజుకీ ముందుకి పోతోంది. ఏంటెన్నా తూర్పు మొహం పెట్టుకుని ఇరవై ఒకటి కోసం ఎదురు చూస్తుంటే, మనది దాని ముందు నుంచే దాటి వెళ్ళిపోయింది." కలం కింద పెట్టేసింది. "దాని బ్యాటరీ బాగానే ఉంది. అది నీరసించలేదు. మనమే వెనకబడ్డాం."

"అంటే ఇన్నాళ్ళూ మనం పక్కింటి పిల్లకి పాలు పట్టామన్నమాట," అన్నాడు మామయ్య.

"పురిట్లో పిల్లలు తారుమారైతే తల్లికి తెలుస్తుందంటారు," అన్నారు మాస్టారు. "మనకి నర్సు చెప్తే గానీ తెలియలేదు." నర్సు అంటే నేనని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

అప్పటికి టైము పదిన్నర దాటింది. ఆ రోజు పదకొండున్నర ప్రాంతంలో ఇంకోసారి మా మీదుగా పోతుంది. ఇక చూడాలి మా హడావిడి. ముప్పై నాలుగు నంబర్లకీ పుట్టిన దగ్గర్నుంచి రోజువారీ పట్టికలు ఉన్నాయి. ఏ రోజు ఏది ఎంత ఎత్తున, ఎంత వేగంగా తిరిగిందో మొత్తం చరిత్ర. మామయ్య దాన్ని జాతకాల కట్ట అన్నాడు. ఒక్కో నంబరు పాత దారి తీసుకుని, ఆ మూడు పొద్దుల్లో అది మా మేడ మీదికి ఎన్నింటికి వచ్చి ఉండాలో పిన్ని కంప్యూటరు చేత లెక్క కట్టించింది. నేను పట్టికలోంచి అంకెలు చదివాను, మామయ్య కొట్టాడు, మాస్టారు కొట్టివేతలు వేశారు.

"నాలుగు."

"కాదు. పావుగంట తేడా."

"తొమ్మిది."

"కాదు."

"పదహారు."

"అది వెనకబడిపోయింది. పాపం, ఎవరిదో."

పదిహేడు దగ్గర మాస్టారు కలం ఆగింది. మూడు రోజులూ అర నిమిషం తేడాలో కలిశాయి. పద్దెనిమిది కూడా మొదటి రెండు రోజులు కలిసి మా గుండెలు ఆగేలా చేసింది గానీ, పదకొండో రోజుకి నిమిషం పైనే తప్పింది. మిగిలినవీ వదలకుండా చూశాం. ఇంకేదీ దరిదాపుల్లోకి రాలేదు.

"పదిహేడు ఇవాళ ఎన్నింటికి?" అన్నాడు మామయ్య.

"పదకొండూ ఇరవై ఎనిమిది," అంది పిన్ని. "ఇరవై ఒకటి కంటే పది నిమిషాలు ముందు."

"ఇప్పుడు?"

ముగ్గురూ గోడ వంక చూసి, ముగ్గురూ తలలు తిప్పుకుని కంప్యూటరు వంక చూశారు. పదకొండూ పదిహేడు.

మామయ్య గుమ్మం సంగతి మరిచిపోయి మేడ మీదికి ఉరికాడు. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. ఆయన మాత్రం నుదురు రుద్దుకుంటూనే ఏంటెన్నా మర సరిచూసి, "తిప్పు, తిప్పు," అని కేకేశాడు. పిన్ని పదిహేడో నంబరు దారి ఎక్కించింది. ఏంటెన్నా మూలుగుతూ తూర్పుకి తిరిగి ఆగింది.

ఇరవై ఎనిమిది అయింది. స్పీకర్లో వాన చప్పుడు లాంటి హోరు తప్ప ఏమీ లేదు. ఇరవై తొమ్మిది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు ఆవిడకి తెలీదు. ఎముకలు నొప్పి పుట్టాయి. నేను తప్పు విని ఉంటే? నిజంగానే షెడ్డులో మెషీను అయితే? ఈవిడకి రెండోసారి ఏడుపు తెచ్చిపెట్టిన పాపం నాదే కదా.

చిక్. చిక్. చీ...

మొదట నాకే వినబడిందేమో అనుకున్నాను. పది సెకన్లు. మళ్ళీ. చిక్, చిక్, చీ... ఈసారి మేడ మీద నుంచి మామయ్య ఈల వేశాడు. మూడోసారికి గది నిండిపోయింది. నీరసం లేదు, గీరసం లేదు. పొద్దున్నే లేచిన పిచ్చుకలా దబాయించి కూస్తోంది.

"ఊరుకుంటారేం, పంపండి!" అన్నారు మాస్టారు. ఆయన పిన్నిని మీరు అనడం అదే మొదటిసారి.

పిన్ని ఆదేశం పంపింది. జవాబు లేదు. మళ్ళీ పంపింది. హోరు, కూత, హోరు. మూడోసారి మీట నొక్కి చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచింది. తెర మీద ఒక వరస కదిలింది. ఆదేశం అందింది. దాని కింద, మిగిలిన గడువు అన్న చోట ఆరు ఉండాల్సినది ముప్పై అయింది.

ఎవరూ అరవలేదు. పిన్ని కుర్చీ వెనక్కి జరిపి నేల మీద చతికిలబడి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వో ఏడుపో ముందు నాకు తెలియలేదు, కాసేపటికి నవ్వే అని తేలింది. మాస్టారు తువ్వాలుతో కళ్ళజోడు తుడిచారు, తుడిచిందే తుడిచారు. మామయ్య నుదుటి మీద బొప్పితో లోపలికొచ్చి, "ఏమందీ?" అన్నాడు.

"బతికే ఉన్నానంది," అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారని అడిగింది."

నాకు ఊపిరి మెల్లగా అందింది. వారం రోజులుగా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది, ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి లేచి వెళ్ళిపోయాడు.

పిచ్చుక పడమటికి దిగిపోయాక కూడా మామయ్య ఊరుకోలేదు. రికార్డింగు మొదట్నుంచీ పెట్టాడు, అయిపోతే మళ్ళీ పెట్టాడు. మాస్టారు నాకు బిస్కెట్ల పొట్లం మొత్తం ఇచ్చేసి, "ఇంకేమైనా విన్నావా తల్లీ ఈ గదిలో? మొహమాటపడకు," అని అడిగారు. లేదన్నాను. అవును మరి, కూర సంగతి ఆయనకెందుకు?

తిరిగి చూస్తే పిన్ని నేల మీదే గోడకి ఆనుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, ఒక చెప్పు ఊడిపోయింది. నేను వచ్చాక ఆవిడ పగటిపూట కునుకు తియ్యడం చూడలేదు. రాత్రిళ్ళు కూడా పెద్దగా చూడలేదు. స్పీకరు ఆవిడ తలకి మూరెడు దూరంలో ఉంది, పిచ్చుక హుషారుగా కూస్తూనే ఉంది.

నేను లేచి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా, శబ్దం తగ్గించాను.