నూటపద్దెనిమిదో నంబరు బావి

బాలకిషన్ గారిని నేను రెండేళ్లు లోలోపల తిట్టుకున్నాను. ఇప్పుడు ఆయన పేరు తలవకుండా నా ఆదివారం ప్రార్థన ముగియదు. మనిషికి బుద్ధి రావడానికి అరగంట చాలని నాకు తెలిసింది 2002లో, ఆబిడ్స్‌లోని మా ఆఫీసులో.

మాది బావుల నీళ్లు పరీక్షించే చిన్న పరిశోధనాలయం. ముప్పై ఏళ్లుగా ఒక్కో బావికి ఒక నంబరు, ఒక కార్డు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. దాంతోపాటు ఇంకొకటి ఉంది. ఆరు రాష్ట్రాల పరిశోధనాలయాలు కలిసి ఒక ఉమ్మడి పదాల పట్టిక చేసుకున్నాయి. అందులో ఒక్కో పదానికి ఒక శాశ్వత సంఖ్య. మా కార్డుల్లో ఒకరు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని రాస్తే, ఇంకొకరు ‘ఎముకలు వంచే నీళ్లు’ అని రాశారు. రెంటినీ ఫ్లోరైడ్ అనే పదం సంఖ్య కిందికే చేర్చాలి. ఆ సంఖ్య ఎన్నటికీ మారదు, ఇంకో పదానికి పోదు. అలా అయితేనే ఎక్కడి శాస్త్రవేత్త వెతికినా మా బావులు దొరుకుతాయి. ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. పదాల విషయంలో మాత్రం.

బావుల దగ్గరే నా తెలివి తెల్లారింది. బాలకిషన్ గారు నాకు ముందు పనిచేసిన గుమాస్తా. ఎక్కడైనా బావిని పూడ్చేస్తే దాని నంబరు మీద ఎర్ర గీత కొట్టి, ఆ నంబరును అలాగే వదిలేసేవారు. అలాంటివి నలభై మూడు. చర్చిలో పాటల పుస్తకాలు వంకరగా ఉంటేనే సర్దకుండా కూర్చోలేని దాన్ని, బావుల పట్టికలో ఇన్ని ఖాళీలు చూసేసరికి ఒళ్లు మండింది. కొత్తగా వచ్చిన బావులకు ఆ నంబర్లు ఇచ్చేశాను. ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు అప్పట్లో నాకు లేదు.

ఆ రోజు నల్లగొండ వైపు నుంచి గట్టయ్య సారు వచ్చారు. ఒక ఊరి బడికి హెడ్మాస్టరు. ఊళ్లో వాళ్ల కాళ్లావేళ్లా పడి బడిలో కొత్తగా బోరు వేయించారట. తాగొచ్చని మేం కాగితం ఇస్తే సోమవారం పంపు విప్పుతారు. ఆ బోరుకు నేనిచ్చిన నంబరు 118. అది కొట్టగానే, ఫ్లోరైడ్ హద్దులోనే ఉందని కంప్యూటర్ చెప్పింది. ఉత్తరం టైపు చేసి, పై అధికారి జనార్దన్ గారితో సంతకం చేయించి, గట్టయ్య సారు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నారు.

సరిగ్గా అప్పుడే బాలకిషన్ గారు వచ్చారు. రిటైరైనా రోజూ నాలుగింటికి సుల్తాన్ బజార్ నుంచి నడిచొచ్చి మాతో చాయ్ తాగి వెళ్లేవారు. కంటపడిన కాగితమల్లా చదవడం ఆయన జబ్బు. గట్టయ్య సారు భుజం మీదుగా తొంగి చూశారు.

“118 ఏంది? గా బావిని ఎనభై నాలుగులనే పూడ్చిన్రు గదా.”

“ఖాళీగ ఉందని ఈ బోరుకు ఇచ్చిన సార్. పూడ్చిన బావికి నంబరెందుకు?” అన్నాను. నా గొంతులో ఎకసెక్కెం కూడా ఉంది.

ఆయన కోప్పడలేదు. “తాత పేరు మనుమనికి పెట్టొచ్చు యూనీస్ బిడ్డా. తాత దవాఖాన కాగితాలు మనుమనికి పెట్టొద్దు. జర రెండు కార్డులు తియ్యి.”

తీశాను. పాత బావిది తియ్యటి నీరు, పదమూడు పరీక్షల్లో ఒక్కసారీ ఫ్లోరైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము దాటలేదు. బడి బోరుకు చేసింది ఒకటే పరీక్ష. నాలుగున్నర. హద్దు ఒకటిన్నర. నేను రెంటికీ ఒకే నంబరు ఇచ్చాను గనక, కంప్యూటర్ పద్నాలుగింటినీ కలిపి సగటు తీసింది. ఆ సగటు హద్దు లోపలే పడింది.

కంప్యూటర్ తప్పు అనేద్దామని నోటిదాకా వచ్చింది. గట్టయ్య సారు ముఖం చూశాక అనలేకపోయాను.

“ఆ కాగితం ఇటియ్యిన్రి సార్. తప్పు నాది. ఆ నీళ్లు పిల్లలకు తాపొద్దు. పండ్లు పాడయితయ్, బొక్కలు వంగుతయ్.”

ఆయన నన్ను దులిపేస్తారని తల వంచుకుని నిలబడ్డాను.

“నా బిడ్డ గాడ్నే మూడో తరగతి,” అన్నారాయన. “సోమారం ఫస్ట్ గ్లాసు దానికే తాపుదామనుకున్న.”

ఉత్తరం నా బల్ల మీద పెట్టారు. “తప్పయిందని చెప్పిన్రు గదమ్మా. గది సాలు. బోరుకు తాళమేస్త.” నాకు దండం పెట్టబోయారు. నేను ఆ చేతులు పట్టుకుని బాలకిషన్ గారి వైపు తిప్పాను.

గట్టయ్య సారు మెట్లు దిగాక నాకు ఏడుపు ఆగలేదు. దేవుడే ఆ వేళకు ఈ మనిషిని పంపాడు అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. బాలకిషన్ గారు మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“ఏడ్సుడు తర్వాత. నలభై మూడు నంబర్లు మళ్ల ఖాళీ జెయ్యాలె. కార్డు నేను సదువుత, నువ్వు కొట్టు.”

కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే చదివారు. చాయ్ చల్లారిపోయింది. ఆ ఆఫీసు ఆయనది కాదు, ఆ పని ఆయనది కాదు, తప్పు అసలే ఆయనది కాదు. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు.