మగ్గం ఎక్కక ముందే

గర్షకుర్తిలో కైలాసం ఒప్పుకుంటే నూట ఎనభై మరమగ్గాలకు సృజన చేసిన డబ్బాలు ఎక్కుతాయి. లేదంటే ఆరు నెలల పని అటకెక్కుతుంది. డబ్బా పేకను, అంటే అడ్డపోగులను, లెక్కపెట్టి నేసిన బట్ట ఎన్ని మీటర్లో చూపుతుంది. కైలాసం మరమగ్గాల సంఘం అధ్యక్షుడు, సృజనకు మేనమామ. చుట్టరికం కొలత టేపు ముందు చెల్లదని ఆయన ముందే చెప్పాడు.

డబ్బాలోని చిప్పుకు దశాంశాలు తెలియవు. 1.20 మీటర్లను 120గా దాచుకుంటుంది. చుక్క ఎక్కడుందో ప్రోగ్రామే చూసుకోవాలి. ప్రతి సంఖ్యా తన చుక్క స్థానాన్ని వెంటబెట్టుకుంటే, నడుస్తుండగానే మార్చుకోవచ్చని తోటి ఉద్యోగి అరుణ్‌కుమార్ వాదించాడు. సృజన వినలేదు. చుక్కను కంపైల్ చేసేటప్పుడే, అంటే ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చేటప్పుడే, ఖాయం చేసింది. చిప్పుకు బరువు తగ్గుతుంది. మీటర్లలో మరో రకం సంఖ్యను కలిపితే కంపైలరే ఆపేస్తుంది, తప్పు మగ్గం దాకా రాదు. అదే ఊపులో అంగుళానికి నలభై ఎనిమిది పోగులన్న లెక్కనూ ప్రోగ్రాములోనే బిగించేసింది. వాళ్లింట్లో ఎప్పుడూ నేసింది ఆ ఒక్క రకమే.

శుక్రవారం పొద్దున కైలాసం తన షెడ్డులో ఒక పళ్ల చక్రం మార్చి మగ్గం నడిపాడు. పావుగంటకు ఆపి టేపు పట్టాడు. బట్ట 1.20. డబ్బాలో 1.30.

“నా మగ్గం గింత ఉరుకుడు ఎన్నడు ఉరకలే బిడ్డా,” అన్నాడు. పక్క మగ్గం నడిపే హనుమండ్లు నవ్వాడు.

ఆ చక్రం ఎందుకు మార్చావని సృజన అడిగింది. ఇవాళ్టి బట్టకు యాభై రెండు పోగులన్నాడు కైలాసం. పడుగు పోగులను వరుసలో నిలిపే దువ్వెనను, పన్నెను, చూపించాడు.

“పన్నె నంబరు పడుగు ఎక్కక ముందే ఖాయం. ఎక్కినంక మార్చరాదు. పేక గట్ల కాదు, చక్రం మారిస్తే మారుతది. మీ అవ్వనడిగినా చెప్తుండె.”

సృజన పన్నెను, చక్రాన్ని మార్చి మార్చి చూసింది. చుక్క పన్నె. పోగుల లెక్క చక్రం. అరుణ్‌కుమార్ చుక్కను చక్రం చేయబోయాడు, తను పోగుల లెక్కను పన్నె చేసింది.

షెడ్డులోని బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. పోగుల లెక్కను డబ్బా బటన్లకు అప్పగించింది, చుక్కను ముట్టుకోలేదు. తొందరలో ఒకచోట పోగులను మీటర్లతో కలిపింది. కంపైలర్ ఒప్పుకోలేదు. అరుణ్‌కుమార్ పక్కనే నిలబడి ఆ ఎర్ర గీత చూసి, ఇది మగ్గం మీద బయటపడితే హనుమండ్లు మళ్లీ నవ్వేవాడన్నాడు.

ఈసారి యాభై రెండును కైలాసమే నొక్కి పావుగంట నడిపాడు. టేపు 1.20. డబ్బా 1.20. చక్రం మార్చి, నలభై నాలుగు నొక్కి మళ్లీ నేశాడు. రెండూ 0.85.

“చుక్క జరిపే బటన్ ఏది?” కైలాసం డబ్బా మీది అంకెల్లో చుక్కను చూపించి అడిగాడు.

“లేదు మామా.”

“మంచిగైంది. ఉంటే మా హనుమండ్లు నొక్కుతుండె,” అన్నాడు కైలాసం. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. “సోమవారం పది డబ్బాలు పట్కరా. మిగిలిన నూట డెబ్బై ఎనుకసిరి తెద్దువు.”